మూడు నర్సరీలు, అయిదు బ్లాకులు: మొక్కల రవాణాకి ఎల్పీ (లీనియర్ ప్రోగ్రామింగ్, అంటే షరతులకి లోబడి అతి తక్కువ ఖర్చు తేల్చే) లెక్క ఎలా పెట్టాలి?

వంశధార_నర్సరీ:

అందరికీ నమస్కారం. ఒడిశాలోని రాయగడ జిల్లాలో మా రైతు సంఘానికి మూడు నర్సరీలున్నాయి: గుణుపురం, బిస్సంకటక్, కొల్నారా. ఈ వానాకాలం అయిదు బ్లాకులకి మొక్కలు పంపాలి. అన్నీ 5×7 అంగుళాల కవర్ మొక్కలే. నీలగిరి, కానుగ, వేప కలిసి ఉన్నాయి గానీ ప్రస్తుతానికి జాతులు పక్కన పెట్టి మొత్తమే చూస్తున్నాం. కూరగాయల ప్లాస్టిక్ క్రేటులో 24 పడుతున్నాయి, అందుకని లెక్కంతా క్రేట్లలో.

నర్సరీల్లో ఉన్నవి: గుణుపురం 300, బిస్సంకటక్ 260, కొల్నారా 240. మొత్తం 800.
కావలసినవి: రామనగుడ 170, పద్మపురం 150, మునిగుడ 180, కల్యాణసింగుపూర్ 140, కాశీపూర్ 160. అదీ 800.

చోటా హాతీ (చిన్న లోడు బండి) నిండు లోడు కిరాయిని 30 క్రేట్లకి పంచితే క్రేటుకి పడే రూపాయలు (వరసగా రామనగుడ, పద్మపురం, మునిగుడ, సింగుపూర్, కాశీపూర్):

గుణుపురం నుంచి: 22, 20, 48, 66, 90
బిస్సంకటక్ నుంచి: 30, 38, 18, 40, 78
కొల్నారా నుంచి: 28, 42, 36, 30, 52

చవకైన దారి ముందు నింపుకుంటూ పోతే 24,700 వచ్చింది. ఎక్సెల్‌లో అతి తక్కువ ఖర్చు వెతికిపెట్టే సాల్వర్ టూల్‌లో పెడితే 23,260. బాగానే ఉంది గానీ, అది రామనగుడకి తక్కువ పడిన 20 క్రేట్లని కొల్నారా నుంచి 28కి తెప్పించకుండా బిస్సంకటక్ నుంచి 30కి తెప్పిస్తోంది. ఇది తప్పు జవాబా?

రెండోది, బళ్ళు లెక్కలోకి రావాలని ఖర్చు గడిలో రౌండప్ (భిన్నాన్ని పై పూర్ణాంకానికి పెంచే ఫార్ములా) పెట్టాను. అప్పట్నుంచి రన్ కొట్టిన ప్రతిసారీ వేరే జవాబు వస్తోంది. మూడోది, కిరాయి ఒక్కటే చూస్తే సరిపోతుందా, మొక్కల పరంగా ఇంకేమైనా కలపాలా?

---

ఓఆర్_మాస్టారు:

జవాబు తప్పు కాదండి. 23,260 కంటే తక్కువకి ఈ అంకెలతో రాదు. ఎందుకు రాదో చేత్తోనే చూడొచ్చు.

మీ చవక దారి పద్ధతి ఎక్కడ దెబ్బతిందో ముందు చూడండి. కొల్నారా మొక్కల్లో 20 క్రేట్లు రామనగుడకి, 140 సింగుపూర్‌కి పోయాయి. కాశీపూర్‌కి కొల్నారాలో మిగిలింది 80. మిగతా 80 బిస్సంకటక్ నుంచి క్రేటు 78 చొప్పున పోయాయి, అంటే ఒక్క దారికే 6,240. మొదట్లో రెండేసి, పదేసి రూపాయలు మిగుల్చుకుంటూ వచ్చి ఆఖర్న 26 చొప్పున వదులుకున్నట్టు. కాశీపూర్‌కి చవగ్గా పంపగలిగేది కొల్నారా ఒక్కటే, కాబట్టి దాని సరుకుని కాశీపూర్ కోసం అట్టేపెట్టాలి. సింగుపూర్‌కి, రామనగుడకి వేరే దారి ఉంది.

సరైన ప్లాను ఇది: గుణుపురం నుంచి పద్మపురం 150, రామనగుడ 150. బిస్సంకటక్ నుంచి మునిగుడ 180, రామనగుడ 20, సింగుపూర్ 60. కొల్నారా నుంచి సింగుపూర్ 80, కాశీపూర్ 160. వాడిన గడులు ఏడు. మూడు నర్సరీలు, అయిదు చోట్లు కలిపి అందులోంచి ఒకటి తీస్తే ఏడు, అలాగే ఉండాలి.

ఇప్పుడు యూ-వీ పద్ధతి: ప్రతి నర్సరీకీ, ప్రతి బ్లాకుకీ ఒక్కో అంకె ఇస్తాం, వాడిన గడిలో ఆ రెండూ కలిపితే కిరాయి రావాలి. బిస్సంకటక్‌కి సున్నా అనుకోండి. అది వాడిన గడుల్ని బట్టి మునిగుడ 18, రామనగుడ 30, సింగుపూర్ 40. రామనగుడ గడి వల్ల గుణుపురం మైనస్ 8, దాన్నిబట్టి పద్మపురం 28. సింగుపూర్ గడి వల్ల కొల్నారా మైనస్ 10, దాన్నిబట్టి కాశీపూర్ 62. వాడని ప్రతి గడిలోనూ అసలు కిరాయిలోంచి ఈ రెండింటి మొత్తాన్ని తీసేయండి. ఎక్కడా మైనస్ రాకపోతే ప్లాను ఖాయం. మీరడిగిన కొల్నారా-రామనగుడ గడిలో 28లోంచి (30−10) తీస్తే 8 మిగులుతుంది. అంటే ఆ దారిన ఒక్క క్రేటు బలవంతంగా పంపితే మొత్తం ఖర్చు 8 పెరుగుతుంది. అక్కడ 2 తగ్గుతుంది, కానీ కొల్నారాలో ఒక క్రేటు లోటు పడి సింగుపూర్‌కి ఆ క్రేటు బిస్సంకటక్ నుంచి రావాలి, అక్కడ 10 పెరుగుతుంది.

గుణుపురం, కొల్నారాలకి వచ్చిన ఆ మైనస్ అంకెల్ని పారేయకండి, వచ్చే ఏడాది నర్సరీ ప్లానుకి పనికొస్తాయి. బిస్సంకటక్‌లో పెంచే మొక్కల్ని కొల్నారాలో పెంచితే క్రేటుకి 10 రూపాయలు ఆదా, 60 క్రేట్ల దాకా ఆ రేటు నిలుస్తుంది. గుణుపురానికి మారిస్తే 8, కానీ అది 20 క్రేట్లకే. సాల్వర్‌లో సెన్సిటివిటీ రిపోర్ట్ అడిగితే ఇవన్నీ అదే ఇస్తుంది. చాలామంది ఆన్సర్ రిపోర్ట్ ఒక్కటే తీసుకుని ఊరుకుంటారు.

ఇది పాత లెక్కే. 1941లో హిచ్‌కాక్ ఈ సమస్యని ఈ రూపంలో రాశాడు. కాంటరోవిచ్, కూప్‌మన్స్‌లకి వనరుల పంపకం మీద చేసిన పనికి 1975లో అర్థశాస్త్రం నోబెల్ వచ్చింది. ఇందులో ఒక సుఖం ఉంది: ఉన్నవి, కావలసినవి పూర్ణాంకాలైతే ఇంటీజర్ (పూర్ణాంకమే కావాలి) అని పెట్టకపోయినా సింప్లెక్స్ (ఎల్పీ లెక్క తేల్చే పద్ధతి) జవాబు పూర్ణాంకాల్లోనే వస్తుంది. అరక్రేటు, పావుక్రేటు బెడద ఉండదు. బళ్ళు లెక్కలోకి రాగానే ఆ సుఖం పోతుంది.

రౌండప్ సంగతి: సాల్వర్‌లో సింప్లెక్స్ ఎల్పీ ఎంచుకుని ఉంటే లీనియర్ కాదని అదే మొరాయించేది. మీది జీఆర్‌జీ నాన్‌లీనియర్‌లో ఉండి ఉంటుంది, మొదటి ఎంపికగా వచ్చేది అదే. రౌండప్, ఇఫ్ లాంటివి మెట్లు మెట్లుగా మారే ఫంక్షన్లు. జీఆర్‌జీ వాలు చూసుకుని దిగే పద్ధతి, మెట్టు మీద దానికి వాలు కనపడదు. మీరు గడుల్లో ఏ అంకెలు వదిలి రన్ కొడితే ఆ చుట్టుపక్కలే ఆగిపోతుంది. అందుకే పూటకో జవాబు.

---

లోడు_లెక్క:

మాస్టారు చెప్పినదానికి బళ్ళు కలుపుతాను. అంతకంటే ముందు ఆ 30 ఎక్కడిదో సరిచూసుకోండి, ఎందుకంటే మీ ఖర్చు పట్టిక మొత్తం దాని మీదే నిలబడింది.

5 అంగుళాల కవరు నింపితే అడ్డం సుమారు 8 సెంటీమీటర్లు వస్తుంది. 14 సెంటీమీటర్ల ఎత్తున మట్టి అంటే 700 సీసీ పైచిలుకు. ఎర్రమట్టి, ఇసుక, ఎరువు కలిపి తడిగా ఉంటే కవరు దాదాపు కేజీ. 24 కవర్లు, క్రేటు కలిపి 25 కేజీలకి అటూఇటూ. ఇది నా అంచనా. మీరు ముందురోజు సాయంత్రం తడిపి పొద్దున్న నీరు ఓడిపోయాక పది క్రేట్లు కాటా వేసి సగటు తీయండి. పొడిగా తూస్తే లెక్క తప్పుతుంది.

బండి మోసే బరువుకి ఆర్సీలో గ్రాస్ వెయిట్ (లోడుతో కలిపిన బరువు) లోంచి అన్‌లాడెన్ వెయిట్ (ఖాళీ బండి బరువు) తీయాలి. ఉదాహరణకి ఆ తేడా 920 కేజీలు అనుకోండి. డ్రైవరు, ఒక కూలీ 130, రెండో అర కోసం కట్టిన రాక్ 40 పోతే 750. 25 చొప్పున 30 క్రేట్లు. బరువు వరకూ సరే.

తొట్టి సంగతి వేరు. 220×149 సెంటీమీటర్ల తొట్టిలో 54×36 క్రేట్లని పొడుగు బండి పొడుగు వెంట పెడితే 4×4, అంటే 16. అడ్డంగా తిప్పితే 6×2, 12 మాత్రమే. లోడు ఎక్కించేవాళ్ళకి ఇది ముందే చెప్పాలి, లేకపోతే రెండు వరసలు అటు, రెండు ఇటు పెట్టి 16 నిండకుండానే ఆపేస్తారు. రాక్ లేకుండా ఎలా సర్దినా 16 దాటదు. క్రేటు లోతు 29, మొక్క కవరుతో కలిపి 45 నుంచి 60 ఉంటుంది కాబట్టి క్రేటు మీద క్రేటు పెట్టడం కుదరదు, మొక్క నడుం విరుగుతుంది. రాక్ ఉంటే 32 పడతాయి, బరువు 30 దగ్గర ఆపుతుంది. అందుకని రాక్ లేని బండి మీకు దొరికితే దాని క్రేటు ఖర్చు ఇంచుమించు రెట్టింపు. దాన్ని వేరే బండి రకంగా లెక్కలో పెట్టండి.

ఇప్పుడు మోడల్. ప్రతి దారికీ రెండు గడులు: ఒకటి క్రేట్లు, రెండోది ట్రిప్పులు. షరతు: క్రేట్లు ≤ 30 × ట్రిప్పులు. ట్రిప్పులకి మాత్రమే ఇంటీజర్ పెట్టండి. ఖర్చు గడిలో క్రేటు రేటు తీసేసి ట్రిప్పు కిరాయి × ట్రిప్పులు, సమ్‌ప్రొడక్ట్ ఫార్ములాతో. రౌండప్ అక్కర్లేదు, పై షరతే ఆ పని చేస్తుంది. సింప్లెక్స్ ఎల్పీ ఎంచుకోండి. ఆప్షన్స్‌లో ఇంటీజర్ ఆప్టిమాలిటీ 1 శాతం అని ఉంటుంది, దాన్ని 0 చేయండి. లేకపోతే అసలు జవాబుకి 1 శాతం దగ్గరికి రాగానే ఇదే బెస్ట్ అని ఆపేస్తుంది.

మీ అంకెలతో: గుణుపురం-పద్మపురం 5 ట్రిప్పులు, 3,000. గుణుపురం-రామనగుడ 5, 3,300. బిస్సంకటక్-మునిగుడ 6, 3,240. బిస్సంకటక్-రామనగుడ 1, 900. బిస్సంకటక్-సింగుపూర్ 2, 2,400. కొల్నారా-సింగుపూర్ 3, 2,700. కొల్నారా-కాశీపూర్ 6, 9,360. మొత్తం 28 ట్రిప్పులు, 24,900. చవక దారి ప్లానుకి ఇదే లెక్క వేస్తే అదీ 28 ట్రిప్పులే, కానీ 26,580.

23,260కీ 24,900కీ మధ్య 1,640 తేడా అంతా ఖాళీ జాగా కిరాయి. రామనగుడ బండిలో 10 క్రేట్ల జాగా, సింగుపూర్ ఆఖరి బండిలో 10, కాశీపూర్ ఆఖరి బండిలో 20. నర్సరీలో మిగులు మొక్కలుంటే గ్యాప్ ఫిల్లింగ్ కోసం ఆ 40 క్రేట్ల జాగాలోనే పంపేయండి. 960 మొక్కలు, మీ మొత్తంలో సరిగ్గా 5 శాతం. ఎలాగూ నెల తర్వాత చచ్చిన మొక్కల జాగాలోకి ఇంకో బండి కట్టాలి కదా.

కొల్నారాలో ఇంకో అవకాశం కనపడుతోంది. సింగుపూర్ మూడో ట్రిప్పులో ఉన్నవి 20, కాశీపూర్ ఆరో ట్రిప్పులో ఉన్నవి 10. రెండూ కలిపితే సరిగ్గా ఒక బండి. విడివిడిగా 900 + 1,560 = 2,460. సింగుపూర్‌లో దించి కాశీపూర్ వెళ్ళడానికి బండివాడు 2,460 కంటే ఎంత తక్కువ అడిగితే అంత మిగులు. సింగుపూర్ వెళ్ళి మళ్ళీ వెనక్కొచ్చి కాశీపూర్ ఎక్కాల్సిన దారైతే పెద్దగా మిగలదు. క్లార్క్, రైట్ 1964లో చెప్పిన సేవింగ్స్ లెక్క ఇదే: రెండు విడి ట్రిప్పుల ఖర్చులోంచి కలిపిన ట్రిప్పు ఖర్చు తీయడం, ఎక్కువ మిగిలిన జంటని ముందు కలపడం, బండి నిండగానే ఆపడం.

---

నీడవల:

మీ మూడో ప్రశ్న నేను తీసుకుంటాను. కిరాయి ఒక్కటే చూస్తే సరిపోదు, కానీ మొక్కల సంగతంతా ఖర్చు గడిలో కుక్కేయకండి. కొన్ని ఖర్చులు, కొన్ని షరతులు.

ఖర్చులో పెట్టాల్సింది దారిలో దెబ్బతినే మొక్కలు. మొక్క 8 రూపాయలనుకుంటే క్రేటు విలువ 192. ఒక దారిలో ఇంకో దారి కంటే 5 శాతం ఎక్కువ పోతుంటే క్రేటుకి 9 రూపాయల 60 పైసలు అదనం. పైన మాస్టారు తేల్చిన 8తో దీన్ని పోల్చండి. బిస్సంకటక్-రామనగుడ దారి కొల్నారా దారి కంటే అంత అధ్వాన్నమైతే ప్లాను తిరగబడి ఆ 20 క్రేట్లూ కొల్నారా నుంచే రావాలి. అయితే తిరగబడ్డా తేడా క్రేటుకి 1.60, ఇరవైకి 32 రూపాయలు. టీ ఖర్చు. ఇలాంటి చోట సాల్వర్ మాట పట్టుకు వేళ్ళాడకుండా ఏ దారి బాగుంటే అటు పంపేయడమే.

షరతుల్లో మొదటిది నర్సరీ సరుకు. 300 క్రేట్లు అని రాశారు, అది మడుల్లో లెక్కపెట్టిన అంకె అయి ఉంటుంది. పంపదగ్గవి వేరు. కవరు అడుగు చీల్చుకుని నేలలోకి వేరు దిగిన మొక్కని పంపే రోజే లాగితే వేరు తెగి, బండి ఊరు చేరేసరికి తల వాల్చేస్తుంది. కవర్లు జరిపి, కిందికి దిగిన వేరు కోసి, కనీసం పది పదిహేను రోజులు నర్సరీలోనే తేరుకోనివ్వాలి. ఆఖరి రెండు మూడు వారాలు నీడవల తీసేసి నీళ్ళు తగ్గించాలి. అందుకని సరుకుని వారాలవారీగా రాయండి: జూన్ ఆఖరి వారానికి ఇన్ని, జులై మొదటి వారానికి ఇన్ని. గడికి నర్సరీ, ఊరుతో పాటు వారం కూడా కలుస్తుంది.

రెండోది, నాటే చెయ్యి. ఒక ఊళ్ళో పదిమంది కూలీలు, మనిషికి రోజుకి 70 మొక్కలనుకుంటే 700, అంటే 29 క్రేట్లు. దాదాపు ఒక బండి. అదే ఊరికి ఒకేరోజు మూడు బళ్ళు పంపితే కిరాయి లెక్కలో బాగానే కనిపిస్తుంది, మిగతా 60 క్రేట్లు చెట్టుకింద ఎండుతుంటాయి. అక్కడ నీళ్ళు పోసేవాళ్ళు ఉండరు, మేకలు మాత్రం ఉంటాయి. "ఒక ఊరికి ఒక రోజు వచ్చే క్రేట్లు ≤ రెండు రోజుల్లో నాటగలిగినవి" అని షరతు పెట్టండి. వాన సూచన కూడా ఇందులోనే కలపొచ్చు: మంగళ, శుక్రవారాల్లో వచ్చే వాతావరణ శాఖ (ఐఎండీ) అగ్రోమెట్ బులెటిన్ చూసి, నాలుగైదు రోజులు పొడి అని ఉంటే ఆ బ్లాకు పరిమితి సగానికి దించండి.

మూడోది ఎవరూ రాయనిది: ఖాళీ క్రేట్లు. మీ దగ్గర 800 క్రేట్లు ఉండవుగా. వెళ్ళిన క్రేటు మూడో రోజుకి తిరిగొస్తుందనుకుంటే, రోజుకి రెండు బళ్ళు, 60 క్రేట్లు పంపాలంటే తిరుగుడులో 180 ఉండాలి. ఉన్నవి 120 అయితే ఎన్ని బళ్ళున్నా రోజుకి 40 కంటే కదలవు, 800కి 20 రోజులు. కాశీపూర్ లాంటి దూరపు చోట దించిన బండి కిందటి ట్రిప్పు ఖాళీ క్రేట్లు ఎక్కించుకునే వెనక్కి రావాలని కిరాయి మాట్లాడేటప్పుడే చెప్పాలి. తర్వాత అడిగితే అది వేరే ట్రిప్పు అంటాడు.

లెక్కలోకి రాకపోయినా ఎక్కించేవాళ్ళకి చెప్పాల్సినవి: కవరు పట్టుకుని ఎత్తాలి, కాండం పట్టుకుని కాదు. తెల్లారగట్ల బండి కదలాలి. టార్పాలిన్ మొక్కల మీదే పరిస్తే చిగుళ్ళు ఉడికిపోతాయి. అలాగని ఏమీ కప్పకపోతే గాలికి ఆకు వాడిపోతుంది. రాక్‌కి పైన కమ్మీ కట్టి నీడవల నాలుగు వైపులా దించాలి.

---

వంశధార_నర్సరీ:

చాలా థ్యాంక్సండి. ట్రిప్పుల మోడల్ పెట్టాక 24,900 స్థిరంగా వస్తోంది. బ్లాకుల బదులు నేరుగా 62 ఊళ్ళు పెట్టబోతే వేరియబుల్స్ మరీ ఎక్కువన్నాయని సాల్వర్ ఆగిపోయింది. ఇంకొకటి, బిస్సంకటక్‌లో 260కి 235 మాత్రమే పనికొచ్చేలా ఉన్నాయి. అది మార్చగానే "ఫీజిబుల్ సొల్యూషన్ లేదు" (షరతులన్నీ తీరే జవాబు లేదు) అంటోంది.

---

ఓఆర్_మాస్టారు:

రెండోది తేలిక. 775 పెట్టుకుని 800 ఇచ్చి తీరాలంటే ఎవరివల్లా కాదు. నాలుగో నర్సరీ అని ఉత్తుత్తి వరస ఒకటి కలపండి, సరుకు 25. దాని నుంచి ఏ ఊరికి వెళ్తే ఆ ఊరికి అన్ని క్రేట్లు తక్కువ పడ్డట్టు. ఆ వరసలో ఖర్చు మాత్రం సున్నా పెట్టకండి. సున్నా పెడితే కాశీపూర్‌కే మొత్తం కోత పడుతుంది, దూరం కాబట్టి. ప్రతిసారీ కొండమీది ఊళ్ళే నష్టపోతాయి. అందరికీ ఒకే జరిమానా పెట్టినా అంతే. కోత పంచాలంటే "ఏ బ్లాకుకీ అడిగినదాంట్లో 95 శాతానికి తగ్గకూడదు" అని షరతు రాయండి. 25 క్రేట్లు మొత్తంలో 3 శాతం పైచిలుకే కాబట్టి అది కుదురుతుంది. ఈ వరసకి ట్రిప్పు గడులు అక్కర్లేదు, బండే లేదుగా.

అసలు అలవాటుగానే నర్సరీ వైపు "సమానం" అని పెట్టకుండా "≤" పెట్టుకోండి. సీజన్లో సరుకు రోజూ మారుతుంది.

62 ఊళ్ళ సంగతి. ఎక్సెల్‌తో వచ్చే సాల్వర్ పరిమితి 200 గడులు. 3×62 అంటే 186, క్రేట్లకే అయితే సరిపోయేది, ట్రిప్పులు కలిపితే 372. ఓపెన్‌సాల్వర్ అనే ఉచిత యాడ్-ఇన్ వేసుకుంటే అదే షీటు సీబీసీ అనే వేరే సాల్వర్ ఇంజిన్‌తో నడుస్తుంది, ఆ పరిమితి ఉండదు. లిబ్రెఆఫీస్ కాల్క్‌లో కూడా టూల్స్ మెనూలో సాల్వర్ ఉంది; లీనియర్ ఇంజిన్ ఎంచుకుని, నాన్-నెగటివ్ టిక్ పెట్టండి. అది మర్చిపోతే మైనస్ క్రేట్లు పంపి లాభం చూపిస్తుంది. పైథాన్ వచ్చిన కుర్రాడెవరైనా ఉంటే పల్ప్ అనే లైబ్రరీతో ముప్పై నలభై లైన్ల పని.

కానీ 62 ఊళ్ళకి ఈ మోడలే సరైంది కాదండి. 800 క్రేట్లు 62కి పంచితే ఊరికి 13. ఊరికో బండి అంటే సగం కంటే ఎక్కువ ఖాళీ. అప్పుడది రవాణా లెక్క కాదు, బండి ఏ ఊరి తర్వాత ఏ ఊరు తిరగాలన్న రూటింగ్ లెక్క. డాంట్‌జిగ్, రామ్సర్ 1959లో పెట్రోలు ట్యాంకర్ల కోసం మొదలుపెట్టింది. రెండు మెట్లుగా చేయండి. పై మెట్టులో బ్లాకు స్థాయిలో ఏ నర్సరీ ఎక్కడికి ఎంత అన్నది తేల్చండి. కింది మెట్టులో ఒక నర్సరీ, ఒక బ్లాకు తీసుకుని లోడు_లెక్క గారు చెప్పిన సేవింగ్స్ పద్ధతిలో ఊళ్ళని రెండేసిగా, మూడేసిగా కలపండి. బ్లాకుకి పది పన్నెండు ఊళ్ళే కాబట్టి కాగితం మీదే అయిపోతుంది. ఓఆర్-టూల్స్ అనే సాఫ్ట్‌వేర్‌లో రూటింగ్ భాగం ఉంది గానీ దానికి ఊరికీ ఊరికీ మధ్య పట్టే సమయాలన్నీ ఇవ్వాలి, మీకు అసలు చిక్కు అక్కడే.

---

లోడు_లెక్క:

ఆ సమయాల గురించే. మ్యాప్ యాప్‌లో కిలోమీటర్లు తీసి ఖర్చు అనకండి. కొండ దారిలో లోడు బండి సగం వేగంతో పోతుంది, వానకి కాజ్‌వే మునిగితే అసలు పోదు. బండివాళ్ళిద్దర్ని విడివిడిగా అడిగి గంటలు, కిరాయి రాసుకుంటే అదే మంచి డేటా. దారి మూసుకుపోయిన వారం ఆ గడిలో 9,999 పెట్టి వదిలేస్తారు కొందరు. అలా చేస్తే వేరే మార్గం లేనప్పుడు సాల్వర్ ఆ దారినే పంపి వేలకి వేలు ఖర్చు చూపిస్తుంది. దానికి బదులు ఆ దారి ట్రిప్పులకి గరిష్ఠం 0 అని పెట్టండి, మిగిలింది మాస్టారు చెప్పిన ఉత్తుత్తి వరస చూసుకుంటుంది. అయితే ఆ వరస సరుకు 25 దగ్గరే ఉంచితే మళ్ళీ ఫీజిబుల్ కాదంటుంది, 200కి పెంచండి. ఆ వారానికి 95 శాతం షరతు కూడా ఆ బ్లాకు వరకు ఎత్తేయాలి.

---

నీడవల:

జాతులు పక్కన పెట్టానన్నారు. వేప అడిగిన ఊరికి నీలగిరి దిగితే దించుకోరు. క్రేట్ల గడులు జాతికో పట్టికగా మూడు పెట్టండి, సరుకు, అవసరం దేనికది. ట్రిప్పుల గడులు మాత్రం ఒక్కటే: మూడు జాతుల క్రేట్లు కలిపి ≤ 30 × ట్రిప్పులు. క్రేటులో జాతులు కలపొద్దు. క్రేటు చెవికి రంగు గుడ్డపీలిక కట్టండి, కాగితం చీటీ వానకి నానిపోతుంది. ఎక్కించేటప్పుడు ఆఖర్న దించాల్సిన ఊరివి లోపలికి, ముందు దించేవి తలుపు దగ్గరికి.